జర్మనీలో చదువుతూ శని ఆదివారాలకి ప్రాగ్ వెళ్లి రావడం ఎలా?

ఆగస్టు వచ్చిందంటే అమలాపురం, భీమవరం, పాలకొల్లు, కాకినాడ వైపు నుంచి జర్మనీ బయల్దేరే పిల్లల ఫోన్లు మొదలవుతాయి. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, అక్కడ నెలకింత చొప్పున తీసుకునే ఖాతా) గురించి, అద్దె గది గురించి అడిగాక, పక్కన నాన్న లేడని చూసుకుని అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "అన్నయ్యా, అక్కడికెళ్లాక వీకెండ్‌కి పక్క దేశం వెళ్లి రావచ్చంటారు కదండీ, ఎలాగండీ?" నవంబరు నాటికి అదే ప్రశ్న అక్కడి హాస్టల్ గదుల్లోంచి వస్తుంది. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఉదాహరణకి చెక్ దేశ రాజధాని ప్రాగ్ తీసుకున్నాను. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల లోపు, బెర్లిన్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. వేరే దేశం, వేరే డబ్బు, తిరిగొచ్చేటప్పుడు బోర్డర్‌లో తనిఖీ, ఈ మూడూ ఇందులో ఉన్నాయి. ఇది చేతనైతే బుడాపెస్ట్, క్రాకోవ్, వియన్నా పెద్ద కష్టం కాదు. ఇలాంటి ప్రయాణాలు చాలామటుకు ఆ ఊరు చేరాక చెడవు, శుక్రవారం బయల్దేరకముందే చెడిపోయి ఉంటాయి. అందుకని ఏం చూడాలన్న దానికంటే ముందు చేసుకోవాల్సిన పనుల గురించే ఎక్కువ రాశాను.

కావలసినవి

- ఒరిజినల్ పాస్‌పోర్టు. ఫోన్‌లో ఫొటో సరిపోదు.
- జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు. అది ఇంకా చేతికి రాకపోతే, పాస్‌పోర్టులో గడువున్న డి వీసా (మీరు జర్మనీ వచ్చిన దీర్ఘకాల వీసా).
- హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు.
- వేరే దేశపు డబ్బుకి అదనపు ఛార్జీ వేయని బ్యాంకు కార్డు ఒకటి, ఇంకో బ్యాంకుది మరొకటి. రెండూ ఒకే పర్సులో పెట్టకండి.
- 150 నుంచి 200 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి వచ్చేది 992 యూరోలు. అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలిన దాంట్లో ఇంతకు మించి ఒక వీకెండ్‌కి పెట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.
- మాట మీద నిలబడే ముగ్గురు స్నేహితులు.

1. ముందు కాగితాలు, తర్వాతే టికెట్లు

షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వీసా లేకుండా తిరగొచ్చు. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. రుమేనియా, బల్గేరియాలకి రోడ్డు, రైలు దారుల్లో కూడా 2025 జనవరి 1 నుంచి ఇదే పద్ధతి. యూకే, ఐర్లండ్ మాత్రం ఇందులో లేవు. జర్మనీ కార్డుంది కదా అని లండన్ టికెట్ కొనేయకండి.

హెచ్చరిక: కార్డు గడువు అయిపోయి రెన్యువల్‌కి పెట్టుకున్నవాళ్లకి ఫారినర్స్ ఆఫీసు ఒక తాత్కాలిక కాగితం ఇస్తుంది, దాన్ని ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు. జర్మనీలో ఉండటానికి అది చాలు. దాన్ని పట్టుకుని పక్క దేశం వెళ్లొచ్చా అన్నది వేరే సంగతి. ఆ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, వెళ్లొచ్చని రాతపూర్వకంగా జవాబు వస్తే తప్ప బోర్డర్ దాటకండి. "మా సీనియర్ వెళ్లొచ్చాడు, ఎవరూ అడగలేదు" అనే మాట మీద టికెట్ కొనొద్దు. వాళ్లని అడగలేదు, మిమ్మల్ని అడగొచ్చు.

ఎలా చెక్ చేసుకోవాలి: గ్రూపులో ప్రతివాళ్లూ తమ కార్డు మీద గడువు తేదీని, పాస్‌పోర్టు గడువు తేదీని మెసేజ్ పెట్టాలి. ఫొటో అక్కర్లేదు, తేదీలు చాలు. ఒకరిది తేడాగా ఉన్నా ఆ పని తేలేదాకా ఎవరూ డబ్బు కట్టకూడదు.

ఇన్సూరెన్స్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పబ్లిక్ ఇన్సూరెన్స్ అయితే కార్డు వెనకవైపే యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది, చెక్ దేశంలో అది చెల్లుతుంది. కానీ మనలాంటి యూరప్ బయటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి డెన్మార్క్, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలో ఆ కార్డు పనికిరాదు. అటు వెళ్తే విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

యూకేలో చదివేవాళ్లకి ఒక మాట: మీకు ఈ సౌకర్యం లేదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. ఒక్క వీకెండ్ కోసమే ఇదంతా అంటే ఎడిన్‌బరో వెళ్లి రండి, హాయిగా ఉంటుంది. బెల్‌ఫాస్ట్ కూడా ఫర్వాలేదు. అక్కడి నుంచి బస్సెక్కి డబ్లిన్ చూసొద్దాం అనుకోకండి, అది వేరే దేశం, దానికి వేరే వీసా.

2. నలుగురు చాలు

ఎనిమిది మంది తయారైతే అది పెళ్లివారి బస్సే. ఒకరు వచ్చేదాకా ఏడుగురు రోడ్డు మీద నిలబడాలి. నలుగురైతే ఒక గది, ఒక టేబుల్, ఒక ట్యాక్సీ సరిపోతాయి. ఇద్దరికి మ్యూజియం, ఇద్దరికి షాపింగ్ కావాలంటే జంటలుగా విడిపోవచ్చు. ఎవరూ ఒంటరిగా మిగలరు.

టికెట్లు, బుకింగులు ఒకరు చూసుకోవాలి. ఉమ్మడి ఖర్చు ఇంకొకరు పెట్టి, ఖర్చులు పంచి లెక్కకట్టే యాప్ స్ప్లిట్‌వైజ్‌లో రాయాలి. రెండూ ఒకరి నెత్తినే వేస్తే ఆదివారానికి వాళ్ల మొహం మాడిపోతుంది. ఎవరు ఎంత వరకు పెట్టగలరో ముందే అడిగేయండి. ఇంటి దగ్గర దాళ్వా డబ్బులు చేతికి రానివాళ్లు ఒకరుంటారు, రొయ్యల చెరువు కలిసొచ్చినవాళ్లు ఒకరుంటారు. తక్కువ పెట్టగలిగినవాళ్ల లెక్కకే ప్లాన్ వేయండి, పైఖర్చులు ఎవరిష్టం వాళ్లది.

3. తేదీ

మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారం తెల్లవారుజామున యూరప్‌లో గడియారాలు మారతాయి. మార్చిలో ఒక గంట పోతుంది. ఆ ఆదివారం పొద్దున్నే రైలుంటే చేతి గడియారం నమ్మకండి. డిసెంబరులో క్రిస్మస్ మార్కెట్లు బాగుంటాయి గానీ అద్దెలు మండిపోతాయి. నవంబరు మొదట్లోనో, ఏప్రిల్ చివర్లోనో వెళ్లండి. పరీక్షల ముందు మాత్రం వద్దు.

4. టికెట్

డ్రెస్డెన్, బెర్లిన్ వైపు ఉన్నవాళ్లకి రైలే మేలు. జర్మన్ రైల్వే వెబ్‌సైట్‌లోనూ, చెక్ రైల్వే వెబ్‌సైట్‌లోనూ అదే రైలుకి ధర చూసి ఎక్కడ తక్కువుంటే అక్కడ కొనండి. తగ్గింపు టికెట్ ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది, మీ తప్పు వల్ల రైలు పోతే టికెట్ కూడా పోయినట్టే. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ లోకల్, రీజినల్ రైళ్లకే. ప్రాగ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో అది చెల్లదు.

ఫ్లిక్స్‌బస్ ఇంకా చవక, ప్రాగ్‌లో ఫ్లోరెన్స్ బస్టాండులో దింపుతుంది. పేరు చూసి కంగారు పడకండి, అది ఇటలీ కాదు.

విమానం ఎక్కాల్సినంత దూరమైతే ఎయిర్‌పోర్టు ఎక్కడుందో మ్యాప్‌లో చూసి మరీ కొనండి. పారిస్ బోవే అని అమ్మే ఎయిర్‌పోర్టు పారిస్‌కి దాదాపు 85 కిలోమీటర్లు, అంటే కాకినాడకీ రాజమండ్రికీ మధ్య దూరం కన్నా ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఇంకా దూరం. టికెట్‌లో మిగిలింది బస్సుకి పోతుంది. ఇంకో విషయం, కొన్ని చవక విమాన సంస్థలు యూరప్ బయటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లని సెక్యూరిటీకి వెళ్లకముందే కౌంటర్ దగ్గర కాగితాలు చూపించమంటాయి. జర్మన్ స్నేహితుడు నేరుగా లోపలికి పోయాడని మీరూ పోతే గేటు దగ్గర ఆపేస్తారు.

ఇక పేరు. మన గోదావరి పేర్లతో వచ్చే తంటా ఇది. ఇంటిపేరు ఒకటి, ఆపైన వీర వెంకట సత్యనారాయణ మూర్తి. అన్నవరం మొక్కు తీర్చుకున్న ప్రతి ఇంట్లో ఒకరుంటారు. టికెట్ ఫారంలో వి.వి.ఎస్.ఎన్. అని పొడి అక్షరాలు పెట్టకండి, వాడుక పేరు రాయకండి. పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున గుర్తులతో రెండు వరసలుంటాయి. పై వరసలో P<IND తర్వాత ఇంటిపేరు, రెండు గుర్తుల తర్వాత మీ పేరు ఉంటాయి. అదే క్రమంలో అవే అక్షరాలు రాయండి. గడిలో పట్టకపోతే మొదటి నుంచి పట్టినంత వరకు రాయండి. బోర్డింగ్ పాస్ మీద పేర్లన్నీ కలిసిపోయి ఒకే పొడుగు ముక్కలా వస్తే అది మామూలే, టెన్షన్ పడొద్దు. ఇంటిపేరు, పేరు తారుమారైతే మాత్రం ఆ రోజే కస్టమర్ కేర్‌కి చెప్పండి. ప్రయాణం దగ్గరపడే కొద్దీ మార్చడానికి ఎక్కువ అడుగుతారు.

డబ్బు కట్టే ముందు నలుగురి పేర్లూ పాస్‌పోర్టులు పక్కన పెట్టుకుని ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. రాసినవాళ్లే సరిచూసుకుంటే తప్పు కనపడదు.

5. మంచం

హాస్టల్‌లో నాలుగు మంచాల గది దొరికితే అదే తీసుకోండి. చూడాల్సినవి మూడు: ట్రామ్ స్టాపు ఎంత దూరం, వంటగది ఉందా, ఏ రోజు వరకు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. ధర కింద చిన్న అక్షరాల్లో సిటీ ట్యాక్స్ ఉంటుంది, అది చాలాచోట్ల అక్కడికెళ్లాక కట్టాలి. చెకిన్‌లో నలుగురి పాస్‌పోర్టులూ అడుగుతారు. వివరాలు రాసుకుని వెంటనే తిరిగిచ్చేయాలి, చెకౌట్ వరకు వాళ్ల దగ్గరే ఉంచుతామంటే ఒప్పుకోకండి.

6. ఇంటికి చెప్పడం

చాలామంది ఇది దాటేస్తారు. ప్రాగ్ వంతెన మీద ఫొటో మీరు స్టేటస్‌లో పెడతారు, ఒక మేనత్త చూస్తుంది, అర్ధగంటలో చెరువు గట్టు మీదున్న నాన్నకి తెలుస్తుంది. "చదువుకోమని పంపితే షికార్లా?" ఆ వీకెండ్ అంతా ఫోన్లోనే పోతుంది. ముందే మీరే చెప్పండి: ఎవరితో, ఎక్కడికి, ఎంతవుతుంది, ఎప్పుడు తిరిగొస్తారు. హాస్టల్ అడ్రసు, ఒక స్నేహితుడి నంబరు, పాస్‌పోర్టు, పర్మిట్ కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు తీసుకుని ప్రాగ్‌లోని భారత ఎంబసీకి వెళ్లాలి, అప్పుడు ఆ కాపీలే ఆదుకుంటాయి.

వేసవిలో ఇండియా మూడున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో నాలుగున్నర. శుక్రవారం రాత్రి పదింటికి మీరు దిగేసరికి ఊళ్లో అందరూ పడుకుని ఉంటారు. ఫోన్ కాదు, "చేరామండి" అని మెసేజ్ పెట్టండి.

7. సంచి, తిండి

ఒక్క బ్యాక్‌ప్యాక్ చాలు. తిండి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

రైలు, బస్సు అయితే ఏదైనా పట్టుకెళ్లొచ్చు. విమానమైతే క్యాబిన్ సంచిలో ఆవకాయ సీసా పెట్టకండి. నూనె తేలే పచ్చడి సెక్యూరిటీ లెక్కలో ద్రవమే, సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చాలా ఎయిర్‌పోర్టుల్లో తీసి పక్కన పడేస్తారు. అమ్మ పెట్టిన ఆవకాయ అలా పోతుంటే చూడటం చాలా కష్టం. కందిపొడి, కరివేపాకు పొడి, జంతికలు, తాపేశ్వరం కాజా ఫర్వాలేదు. పూతరేకులు వద్దు, దిగేసరికి పొడి మిగులుతుంది.

శుక్రవారానికి చింతపండు పులిహోర చేసుకోండి. అన్నం పొడిపొడిగా వార్చి, పులుసు బాగా దగ్గరపడనిచ్చి, కలిపాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి రాత్రికే వాసనొస్తుంది. సరిగ్గా చేస్తే చలికాలంలో శనివారం మధ్యాహ్నం దాకా బాగుంటుంది. ఒకసారి వాసన చూసి తినండి, అనుమానంగా ఉంటే పారేయండి.

హాస్టల్ వంటగదిలో అన్నం వండుకోవచ్చు, పోపు మాత్రం పెట్టకండి. ఎండుమిరపకాయ వేగిందంటే పొగ అలారం మోగి బిల్డింగంతా వీధిలోకి వస్తుంది. పక్క సూపర్‌మార్కెట్లో బీలీ యోగుర్త్ అని అడిగితే తియ్యదనం లేని పెరుగు దొరుకుతుంది. పెరుగన్నం, పొడి, అంతే.

బయట తినేటప్పుడు: హొవ్యెజీ అంటే గొడ్డుమాంసం, వెప్ర్జోవే పంది, కుర్జెత్సీ కోడి. అక్కడి గులాష్ ఎక్కువగా గొడ్డుమాంసమే. శనివారం నీచు ముట్టనివాళ్లకి స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజ్, దాదాపు ప్రతి హోటల్లో ఉంటుంది.

8. ప్రాగ్‌లో డబ్బు

చెక్ వాళ్లది యూరో కాదు, కొరునా. ఒక యూరోకి సుమారు 25. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు, నోట్లు కొంచెం ఉంటే చాలు.

- వీధిలో ఎవరైనా పలకరించి మంచి రేటిస్తానంటే ఆగకుండా నడవండి. చెల్లని వేరే దేశం నోట్లు అంటగడతారు.
- సావనీర్ షాపుల పక్కన నిలబెట్టిన ఏటీఎంలు కాకుండా బ్యాంకు బ్రాంచి ఏటీఎం వెతకండి.
- ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ "యూరోల్లోనా, కొరునాల్లోనా?" అని అడిగితే ఎప్పుడూ కొరునాలే నొక్కండి. యూరో నొక్కితే రేటు వాళ్లది.
- ఎక్స్‌చేంజ్ ఆఫీసులో మోసపోయామనిపిస్తే రసీదు పట్టుకుని మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లండి. 1,000 యూరోల లోపు మార్పిడిని రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది.

ఎలా చెక్ చేసుకోవాలి: మొదటి ఖర్చు అవ్వగానే బ్యాంకు యాప్ తెరవండి. 1,000 కొరునాలకి 40, 42 యూరోలు పడితే సరిగ్గా ఉంది. 45 పడితే తప్పు బటన్ నొక్కారు. మిగతా ముగ్గురికీ అప్పుడే చెప్పండి.

9. రెండు రోజులు

ఒక ఊరే. "ఎలాగూ వెళ్తున్నాం కదా, వియన్నా కూడా చూసేద్దాం" అన్నవాళ్లు రెండు రైల్వే స్టేషన్లు చూసి వస్తారు.

వెళ్లేటప్పుడు డ్రెస్డెన్ దాటాక ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఎల్బే నది చాలాసేపు పక్కనే వస్తుంది. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లకి ఆ కొండలు, మలుపులు నచ్చుతాయి.

ట్రామ్, మెట్రోలకి 24 గంటల టికెట్ తీసుకోండి. పేపర్ టికెట్ కొనగానే పని అయిపోలేదు, మొదటిసారి ఎక్కేటప్పుడు మెషీన్‌లో పెట్టి తేదీ, సమయం ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు, మామూలు బట్టల్లో ఉండే చెకర్లు టూరిస్టులు దిగే స్టాపుల్లోనే ఎక్కువ. యాప్‌లో కొంటే ట్రామ్ ఎక్కకముందే యాక్టివేట్ చేయండి.

శనివారం ఏడింటికల్లా చార్లెస్ వంతెన మీద ఉండండి. 1357లో కట్టడం మొదలుపెట్టారు, పొడవు 516 మీటర్లు, రెండువైపులా 30 విగ్రహాలు. రాజమండ్రిలో కిలోమీటర్ల కొద్దీ వంతెనలు దాటిన మనకి పొడవు ఆనదు గానీ జనం లేనప్పుడు చాలా బాగుంటుంది. తొమ్మిది దాటితే ఫొటోలో మీ వాళ్లెవరో తెలియదు. అక్కడి నుంచి 22వ నంబరు ట్రామ్‌లో కోటకి వెళ్లొచ్చు, ఆవరణ చూడటానికి టికెట్ లేదు. ఆ ట్రామ్‌లో జేబుదొంగలుంటారు, బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి. ఓల్డ్ టౌన్‌లో 1410 నాటి గడియారం ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా గంట గంటకీ బొమ్మలు చూపిస్తుంది. ఒకసారి చూస్తే చాలు, దాని కింద నిలబడి ఎదురు చూసేంత లేదు. ఆదివారం పొద్దున విషెహ్రాద్ కోట గోడల మీద నడవండి, కింద వల్తావా నది, పైసా ఖర్చు లేదు.

ఏదైనా అత్యవసరమైతే 112. యూరప్ అంతా అదే నంబరు.

10. తిరుగు ప్రయాణం

2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన రోడ్డు, రైలు సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టి పొడిగిస్తూ వస్తోంది. పోలీసులు బస్సులోకో రైల్లోకో ఎక్కి అడుగుతారు. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు ఒళ్లోని సంచిలో ఉండాలి, బస్సు డిక్కీలో కాదు. ఏ యూనివర్సిటీ, ఎక్కడ ఉంటారు అని అడిగితే పొట్టిగా జవాబు చెప్పండి. జోకులు వద్దు. బస్సు ఇక్కడ ఆలస్యం కావొచ్చు, కాబట్టి ఆదివారం రాత్రి ఆఖరి లోకల్ రైలుకి మరీ దగ్గరగా టైమ్ పెట్టుకోకండి.

రైలు గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగొచ్చు. యూరప్ ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరే విమానం మూడు గంటలు దాటి ఆలస్యంగా చేరితే, 1,500 కిలోమీటర్లలోపు దూరానికి, తప్పు విమాన సంస్థదైతే 250 యూరోలు. అడిగితేనే ఇస్తారు. బోర్డింగ్ పాస్ పారేయకండి.

సోమవారం చేయాల్సింది

బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి హాస్టల్ డబ్బు రెండుసార్లు పడిందేమో చూడండి. బుకింగ్ అప్పుడు కొంత, చెకిన్ అప్పుడు మొత్తం పట్టేసిన సందర్భాలుంటాయి. రసీదు జతచేసి ఈమెయిల్ పెట్టండి. స్ప్లిట్‌వైజ్ లెక్క బుధవారంలోపు తేల్చేయండి. సిటీ ట్యాక్స్, ట్రామ్ టికెట్లు, స్టేషన్‌లో తాగిన కాఫీ లాంటివి రాయడం మర్చిపోతారు, డబ్బు పెట్టినవాళ్లు మొహమాటానికి అడగరు. నలుగురూ కలిసి ఒక్కసారి లిస్టు పైనుంచి కిందికి చదవండి, ఏం మిస్సయిందో అప్పుడే బయటపడుతుంది.